ఇంటిలో కుందేలు: దుర్గంధ నివారణము

మన మన్యప్రాంతపు సభ్యులలో కొందఱు కుందేళ్ళను సాకుచున్నారు. మాంసమునకై మందలుగా పెంచువారి సంగతి వేఱు; దానిని గూర్చి మేమిచ్చట వ్రాయుట లేదు. పిల్లలు ముచ్చటపడి సంతనుండి తెచ్చుకొన్న ఒకటి రెండు కుందేళ్ళను ఇంటిలోనే ఉంచుకొనువారు చాలమంది గలరు. వారందఱును మమ్మడుగు ప్రశ్న ఒక్కటియే: "అయ్యా, దీని కంపు పోవుటకు ఉపాయమేమి?"

కొందఱు కుందేలు పుట్టుకతోనే కంపుగొట్టు జంతువని తలచుచున్నారు. ఇది సరికాదు. ఇటుకల పండుగనాడు పూర్వము వేటకు పోయిన పెద్దల నడిగినచో, అడవి చెవులపిల్లి పడుకొన్న చోట ముక్కు మూసికొనవలసినంత వాసన యుండదని చెప్పుదురు. అది ఒకచోట నుండదు; దాని మూత్రము విశాలమైన నేలపై పడి, మన్నులో నింకి, ఎండకు గాలికి ఆఱిపోవును. ఇంటిలోని కుందేలో, ఒకే మూలయందు దినమునకు అనేకమారులు తడుపును. రెండు కిలోల తూకముగల కుందేలు దినమునకు సుమారు పావులీటరు మూత్రము పోయును. కంపు కుందేటిది కాదు. మనము తీయక విడిచిన తడిది. ఈ యొక్క మాటను గ్రహించినచో తక్కిన దంతయు సులభము. దీనిని మేము తెలిసికొన్నది పుస్తకమువలన కాదు, మా పొరపాటువలన. దానినే ముందు చెప్పెదము.

మేము చేసిన పొరపాటు

డుంబ్రిగుడ మండలములోని ఒక గ్రామమునందు కాఫీతోట గల సభ్యు డొకరున్నారు. వారి యిల్లు మట్టిగోడలు, పేడతో అలికిన నేల, ఒక గది, ఒక వసారా. వారి కుమార్తెకు పది యేండ్లు. ఆ పిల్లకు మేనమామ మైదానపు సంతనుండి తెల్లని కుందేటిపిల్ల నొకదానిని తెచ్చియిచ్చెను. వర్షకాలము వచ్చెను. వసారాలో జల్లు కొట్టుచున్నదనియు, రాత్రివేళ కుక్కలు తిరుగుచున్నవనియు, చలికి చచ్చిపోవుననియు భయపడి, ఆ పిల్ల కుందేటిని పొయ్యి ప్రక్కనున్న మూలకు చేర్చినది. నెల తిరుగులోపల గదియంతయు ఘాటెక్కినది.

మేము మిరియపు తీగలను చూచుటకై వెళ్ళిన దినమున ఆ యింటి ముసలమ్మ మమ్ము లోనికి పిలిచి, "బాబూ, ఈ మూలకు వెరసి నాకు ముద్ద దిగుటలేదు. ఇది యుండవలెనో నేనుండవలెనో మావానితో చెప్పి పొమ్ము" అనెను. మేము నవ్వి, పెద్ద తెలిసినవారమువలె, "అమ్మా, ప్రొద్దుట సాయంకాలము ఆ మూలలో పిడికెడు సున్నము, పిడికెడు పొయ్యి బూడిద చల్లించుము, నాలుగు దినములలో పోవును" అని చెప్పి వచ్చితిమి. మరుగుదొడ్డికి సున్నము, పాకకు బూడిద చల్లుట మనకు వాడుకయే గదా!

ఎనిమిది దినముల తరువాత మరల అటు వెళ్ళితిమి. గుమ్మము దాటగనే కండ్లలో నీళ్ళు తిరిగినవి. కుందేలు తుమ్ముచుండెను. దాని ముక్కు తడిగా నుండెను. ముక్కు తుడుచుకొని తుడుచుకొని ముందుకాళ్ళ లోపలి బొచ్చు అట్టలు కట్టియుండెను. తండ్రి దానిని మరుసటి సంతకు తీసికొనిపోయి యిచ్చివేయుటకు నిశ్చయించుకొనియుండెను. ఆ పిల్ల మాతో మాటలాడలేదు. చెప్పినట్లు రెండు పూటలు తప్పక చల్లినది తానే గావున, తప్పు తనదేమో యని దాని బాధ. తప్పు మాదని అప్పటికప్పుడు మాకును తెలియలేదు.

తిరిగి వచ్చు త్రోవలో మాకు చిన్ననాటి మిషనుబడి జ్ఞాపకమునకు వచ్చెను. మా ఉపాధ్యాయుడుగారు ఒక ఆకుపై చిటికెడు నవాసారమునుంచి, దానిలో తడి సున్నము కలిపి, మమ్ము ఒక్కొక్కరిని పిలిచి వాసన చూడుమనెడివారు. వేఱువేఱుగా నున్నపుడు ఆ రెంటికిని వాసన లేదు. కలిపినంతనే ముక్కు పగులునట్టి ఘాటు లేచెడిది. పాత్రలకు కళాయి వేయువాని యొద్ద నవాసారము దొరకును గనుక ఎవరైనను దీనిని చేసి చూడవచ్చును. మేము ఆ యింటిలో చేయించినది సరిగా ఈ ప్రయోగమే!

ఘాటు పుట్టు విధము

మూత్రములో యూరియా యను పదార్థము గలదు. మనము పొలమునకు వేయు యూరియాయు ఇదియు ఒక్కటే. యూరియాకు స్వతహాగా ఘాటు లేదు. అందుచేతనే తాజా మూత్రమునకు వాసన తక్కువ. కాని మన్నులోను, మురికిలోను ఉండు సూక్ష్మజీవులు ఆ యూరియాను విఱిచి అమోనియా యను వాయువుగా మార్చును. తడి, వెచ్చదనము, కాలము, ఈ మూడును చేరినచోట ఈ పని వేగముగా జరుగును. పొయ్యి ప్రక్కనున్న తడి మూలకు ఈ మూడును గలవు.

ఇక అమోనియాకు ఒక స్వభావము కలదు. పులుపు తగిలినచో అది ఉప్పుగా మారి కట్టుబడియుండును. సున్నముగాని, బూడిదగాని తగిలినచో కట్టు విడి గాలిలోనికి లేచును. కాబట్టి తడి మూత్రముపై సున్నము, బూడిద చల్లుట మంటపై నెయ్యి పోయుట వంటిది. పులుపు పట్టును, సున్నము విడుచును. ఇంటిలో కుందేలు గలవారు ఈ రెండు ముక్కలు జ్ఞాపక ముంచుకొనవలెను.

ఈ వాయువు కేవలము చీదర కలిగించి ఊరకొనునది కాదు. అది కుందేటి ముక్కులోపలి మెత్తని పొరను ఒరయును. ఒరసినచోట రోగక్రిములు చేరి జలుబు, తుమ్ములు, తుదకు ఊపిరితిత్తుల వాపు కలుగును. అదే గదిలో నిద్రించు పసిబిడ్డలకును, ఉబ్బసము గల వృద్ధులకును ఇది మంచిది కాదు. ఇంటివారి ముక్కు కొలదికాలమునకు అలవాటుపడి ఘాటును పసిగట్టజాలదు. కావున తెల్లవాఱగనే కొంతసేపు బయట తిరిగి లోనికి వచ్చి, కుందేటి ముక్కు ఎత్తునకు వంగి గాలి పీల్చి చూడవలెను. మనకు ముక్కు మండినచో దానికి రాత్రియంతయు మండినదని యెఱుగుడు.

పాత తడిని తీయుట

మట్టినేల మూత్రమును పీల్చుకొనును. దానిపై మరల అలికినచో తడి క్రిందనే దాగి, అలుకు ఆఱినకొలది పైకి ఘాటు వదలును. కావున కుందేలు తడిపిన మేరయు, చుట్టు జానెడు మేరయు నాలుగంగుళముల లోతున త్రవ్వి, ఆ మన్నును బయటకు మోసి, గుంటను ఒక దినము ఆఱనిచ్చి, క్రొత్త ఎఱ్ఱమన్నుతో నింపి దిమ్మిస చేసి, తరువాతనే అలుకవలెను. ఆ సభ్యుని యింట మేము తండ్రితో కలిసి స్వయముగా పార పట్టితిమి. పై రెండంగుళముల క్రింద మన్ను నల్లగా, తడిగా నుండెను. మేము చల్లించిన సున్నమంతయు పైపొరలో పేరుకొనియుండెను.

సిమెంటు నేల, రేకు, పలక మొదలగువానిపై తెల్లని గట్టి పెచ్చు ఏర్పడును. కుందేటి మూత్రములో సున్నపుపాలు ఎక్కువ గనుక ఇట్లగును. ఇది రోగము కాదు. నీటితో ఎంత రుద్దినను ఇది పోదు. నిమ్మరసమో, వినెగరో, బాగుగ పులిసి త్రాగుటకు పనికిరాని జీలుగు కల్లో దానిపై పోసి గడియసేపు ఉంచి రుద్దినచో ఊడివచ్చును. పిదప మంచినీటితో కడిగి ఎండబెట్టవలెను.

పళ్ళెము, పొడిమన్ను

కుందేలు శుభ్రమైన జంతువు. అది తనంతట తాను ఒక మూలను ఎంచుకొని అక్కడనే మూత్రము పోయును. మనము దానితో పోరాడక, అది యెంచుకొన్న మూలలోనే ఒక వెడల్పైన రేకుపళ్ళెమునో, అంచులు గల తొట్టెనో పెట్టవలెను. మొదట దానిలో కొంచెము తడిసిన గడ్డిని, నాలుగు పెంటికలను వేసినచో అది గుర్తుపట్టును. ప్రక్కనే మేతగడ్డిని వ్రేలాడగట్టినచో, తినుచు అక్కడనే కూర్చుండుట దాని అలవాటు గనుక, కొలది దినములలో తప్పక పళ్ళెమునకే వచ్చును.

పళ్ళెములో నేమి వేయవలెను? మన కొండలలో దొరకు వస్తువులలో శ్రేష్ఠమైనది పొడి ఎఱ్ఱమన్ను. మన ఎఱ్ఱనేలలు సాధారణముగా కొంత పులుపు గుణము గలవి. ఎండిన బంకరేణువులు తడిని, అమోనియాను రెంటిని పట్టియుంచును. ఇది క్రొత్త సంగతి కాదు. ఆంగ్లదేశమున హెన్రీ మౌల్ అను పాదిరి 1860లో పొడిమన్నుతో పనిచేయు మరుగుదొడ్డికి హక్కుపత్రము పొందెను. పొడిమన్ను కప్పిన మలమునకు దుర్గంధ ముండదని ఆయన తన పెరటిలో గమనించెను. మనిషికి పనికివచ్చిన ఉపాయము కుందేటికి పనికిరాకపోదు.

ఈ మన్నును వేసవిలోనే త్రవ్వి, జల్లించి, బాగుగ ఎండబెట్టి, గోనెలలో నింపి అటకపై నుంచుకొనవలెను. ముసురు పట్టిన పిమ్మట పొడిమన్ను దొరకదు. పళ్ళెములో రెండంగుళముల మందమున మన్ను పఱచి, దానిపై పొడి వరిగడ్డినో, ఎండిన కొండగడ్డినో చేరెడు వేయవలెను. బూడిద జల్లించి తీసివేసిన బొగ్గుపొడిని మన్నులో కొంచెము కలుపవచ్చును. కాఫీతోటలవారు గింజపై పొట్టును కూడ వాడవచ్చునా యని యడుగుచున్నారు. కాఫీపండు తొక్కలోని సత్తువ కుందేటికి హాని చేయును. కావున వెదురుబద్దల అడుగుగల గూటి క్రింద, నోటి కందని పళ్ళెములో మాత్రమే పొట్టు వేయవలెను. నీలగిరి చెట్టు రంపపుపొట్టువంటి ఘాటైన వస్తువులు పనికిరావు.

ప్రతిదినము ఉదయమున తడిసిన మేరను చిన్న గరిటెతో తీసి పొడిమన్ను వేయవలెను. వారమునకు రెండుమారులు అంతయు మార్చి, పళ్ళెమును కడిగి ఎండబెట్టవలెను. రెండు పళ్ళెములుండినచో ఒకటి ఎండుచుండగా మఱియొకటి పనిచేయును. ఇది పిల్లలు చేయదగిన పని. కాని మూడు దినములు తప్పినచో నాలుగవ దినమున పెద్దలు చేయవలసిన పని యగును.

చలి భయము, చెమ్మ భయము

లంబసింగి ప్రాంతమున మార్గశిర పుష్యమాసముల చలి ఎట్టిదో మన కందఱకు తెలియును. అందుచేత కుందేటిని పొయ్యి ప్రక్కన మూసిపెట్టుట దయ యని తలంతురు. కుందేటికి దట్టమైన బొచ్చు గలదు. అది పొడిగా నున్నంతకాలము చలిని ఓర్చుకొనును. అది యోర్వలేనివి మూడు: చెమ్మ, ఎదురుగాలి, ముప్పది డిగ్రీలు దాటిన వేడి. ఇంటిలో మూసిన పొగ గాలికంటె వసారాలో కప్పు గల గూడు మేలు. నేలనుండి రెండు మూడు అడుగుల ఎత్తున, వెనుక గోడ, జల్లు తగులని ప్రక్క, ముందువైపు గట్టి యినుప వల, రాత్రి దింపుటకు ఒక గోనెపట్టా ఉన్నచో కుక్కలకును, అడవిపిల్లులకును భయములేదు. అడుగున వెదురుబద్దలు అర యంగుళము సందుతో కట్టవలెను. సగము మేర నున్నని పలక వేసి పొడిగడ్డి పఱచవలెను; లేనిచో అరికాళ్ళు పుండ్లు పడును. వెదురు మూత్రమును పీల్చును గనుక బద్దలు నల్లబడగనే మార్చవలెను. అట్లని జంతువును ఎప్పుడును గూటిలోనే బంధింపరాదు. దినమునకు కొంతసేపు కావలియుండి బయట తిరుగనీయవలెను.

మేత, నీరు

మాంసకృత్తు లెక్కువైనచో యూరియా ఎక్కువగును. యూరియా ఎక్కువైనచో అమోనియా ఎక్కువగును. శనగలు, చిక్కుడుజాతి ఆకులు, అన్నము ప్రేమతో పెట్టి కంపు కొనితెచ్చుకొనువారు పలువురు. మేతలో ముప్పాతిక పాలకు పైగా గడ్డి యుండవలెను. కుందేలు రాత్రివేళ ఒకవిధమైన మెత్తని పెంటికలు పెట్టి వానిని తానే తినివేయును. ఇది దాని ప్రకృతి. దానివలననే దానికి కొంత బలము చేరును. ధాన్యము, తీపిదుంపలు ఎక్కువైనచో ఆ మెత్తని పెంటికలను తినక విడుచును. అవి తోకక్రింద అంటుకొని వేఱొక కంపు పుట్టించును. గట్టిగా, గుండ్రముగా నుండు మామూలు పెంటికలకు వాసన యుండదు.

మూత్రము తగ్గునని నీరు తగ్గించుట పాపము. నీరు తగ్గినచో మూత్రము చిక్కబడి ఘాటు పెరుగును. మూత్రాశయములో సున్నము పేరుకొని జంతువు బాధపడును. మంచినీరు ఎల్లప్పుడు ఎదుట నుండవలెను.

మగకుందేలు, రోగపు కుందేలు

మూడునెలలు దాటి యుక్తవయస్సు వచ్చిన మగకుందేలు గోడలపై మూత్రము చిమ్మును. అది హద్దు గుర్తు. దీని వాసన తీవ్రముగా నుండును. పళ్ళెము ఎంత శుభ్రముగా నున్నను పూర్తిగా పోదు. దీనికి తగిన మార్గము, కుందేళ్ళ విషయమున అనుభవముగల పశువైద్యునిచే బీజములు తీయించుటయే. తరువాత కొన్ని వారములకు ఆ యలవాటు తగ్గును. ఎద్దులకు చేయునట్లు పల్లెలో ఎవరిచేతనో చేయింపరాదు. కుందేలు సున్నితమైన జంతువు, భయముచేతనే చచ్చును. సంతలో ఎంచుకొనునపుడే ఆడపిల్లను తెచ్చుకొన్నచో ఈ బాధ చాలవఱకు తప్పును.

శుభ్రత యంతయు పాటించినను కంపు కొట్టుచున్నచో, లేక పారుడు, చీమిడి, చొంగ కనబడినచో అది రోగము. అప్పుడు మన్ను మార్చుట గాదు, వైద్యుని చూచుట ముఖ్యము.

చేయరాని పనులు

కుందేటికి స్నానము చేయింపరాదు. దాని బొచ్చు త్వరగా ఆఱదు. చలితోను భయముతోను ప్రాణము పోవచ్చును. మురికి యంటినచోట తడిగుడ్డతో తుడిచిన చాలును. సాంబ్రాణి పొగ వేసి కంపును కప్పుట దాని ఊపిరికి రెండవ బాధ. కలరా ఉండలు, ఫినాయిలు దాని దగ్గఱ వాడరాదు. ముఖ్యముగా వానకాలములో బావులకు వేయు బ్లీచింగుపొడిని మూత్రపు తడిపై ఎన్నడును చల్లరాదు. అది అమోనియాతో కలిసి విషవాయువును పుట్టించును; మనుష్యులకే ప్రమాదము. సున్నము, బూడిదల సంగతి పైన చెప్పియే యున్నాము.

మఱియొక మాట. అడవిలో దొరకిన చెవులపిల్లి పిల్లలను ఇంటికి తేరాదు. అది సంతలో దొరకు పెంపుడు కుందేటి జాతి కాదు. పెంపుడు కుందేటి పిల్లలు బొచ్చులేక, కండ్లు మూసికొని పుట్టును; చెవులపిల్లి పిల్లలు బొచ్చుతో, కండ్లు తెఱచి పుట్టును. దానిని పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. అదిగాక బోనులో అది బ్రతుకుట అరుదు.

తీసిన మన్ను ఎక్కడకు?

పళ్ళెమునుండి తీసిన మన్నును, గడ్డిని వాకిట పాఱవేసినచో ఘాటు ఇంటినుండి వాకిటికి మాఱును, అంతే. దానిని ఎరువుగుంటలో పొరగా వేసి పైన మన్ను కప్పి మగ్గనీయవలెను. గాలిలోనికి పోవు అమోనియా మొక్క కోరు నత్రజనియే. మన ముక్కునకు తగిలిన ఘాటంతయు తోటకు చేరక పోయిన ఎరువని లెక్క వేసికొనుడు. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ తోటలలో పలువురు రసాయనపు టెరువులు వేయక పండించుచున్నారు. అట్టివారికి ఇంటిలోని కుందేటి పళ్ళెముకూడ ఒక చిన్న ఎరువుల కొట్టే.

ఆ సభ్యుని యింట నేల త్రవ్వి, పళ్ళెము పెట్టి, గూటిని వసారాలోనికి మార్చిన పిమ్మట వారము తిరుగులోపల ఘాటు పోయినది. వైద్యుడు తుమ్ములకు మందిచ్చెను. సంతకు పోవలసిన కుందేలు ఇంటిలోనే నిలిచినది. ఆ పిల్ల పళ్ళెపు మన్నును తాను నాటిన రెండు మిరియపు తీగల మొదళ్ళయొద్ద మగ్గబెట్టుచున్నది. ముసలమ్మ ఆ గూటి ప్రక్కనే చాప వేసికొని చోళ్ళు చెఱుగుచున్నది. చలి ఉదయములలో మాత్రము ఆ కుందేలు ఇప్పటికిని రెండు మూడు తుమ్ములు తుమ్మును. అప్పుడా పిల్ల మావైపు చూచును. మేము తల వంచుకొందుము.

సభ్యులారా, ఇంటిలో జీవమున్నచో దాని తడి యుండును. ఆ తడిని కప్పవలదు, తీయుడు. సున్నపు డబ్బాను సుద్దకే యుంచి, వచ్చు వేసవిలో రెండు గోనెల ఎఱ్ఱమన్ను ఎండబెట్టుకొనుడు.